నాణెం తెల్లబడింది, మెరుపు పోయింది

నాణేలు సేకరించడం మొదలుపెట్టిన కొత్తలో నేను చేసిన ఒక పని ఇప్పుడు తలుచుకున్నా మనసు చివుక్కుమంటుంది. నా దగ్గర 1881 నాటి మోర్గాన్ డాలర్ అనే అమెరికా వెండి నాణెం ఒకటి ఉండేది. వెనక వైపు దండ కింద చిన్న ‘ఎస్’ అక్షరం ఉన్నది, అంటే శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాలలో కొట్టిన నాణెం. అంచు చుట్టూ ముదురు నీలం, అక్కణ్ణుంచి లోపలికి వస్తుంటే వంగపండు రంగు, తర్వాత తేనె రంగు, నడిమధ్యలో పలచటి పసుపు. ఒక్కటే లోపం, ముందు వైపు స్వేచ్ఛాదేవి బుగ్గ మీద చిటికెన వేలి గోరంత నల్ల మచ్చ. ఆ మచ్చ పోతే చాలు అనుకున్నాను. వెండి నాణేలకని అమ్మే డిప్ ద్రావణం తెచ్చి అందులో ముంచాను. రంగులన్నీ మూడు నాలుగు సెకన్లలో మాయమయ్యాయి, మచ్చ మాత్రం అక్కడే ఉంది. మళ్లీ ముంచాను. మూడోసారి అర నిమిషం ఉంచేశాను. చివరికి మచ్చ పోయి దాని చోట బూడిదరంగు గరుకు మిగిలింది, మిగతా నాణెమంతా సున్నం కొట్టిన గోడలా అయింది. తెల్లగానే ఉంది, మెరవడం లేదు. దీపం కింద అటూ ఇటూ వంచితే ఇదివరకు చక్రంలా తిరిగే వెలుగు ఇప్పుడు ఎక్కడా తిరగలేదు.

ఆ రోజు నాకు అర్థం కానిది, తర్వాత చాలా ఏళ్లకు గానీ బుర్రకెక్కనిది ఏమిటంటే, తెలుపు వేరు, మెరుపు వేరు. పాత వెండి నాణేల గురించి మాట్లాడేటప్పుడు సేకర్తలు ఎప్పుడూ రెండు వర్గాలుగా చీలిపోతారు. నిన్ననే టంకశాల నుంచి వచ్చినట్టు తెల్లగా తళతళలాడేదే కావాలనేవాళ్లు ఒక వైపు, కాలం పూసిన రంగు అలాగే ఉండాలి, ముట్టుకోవద్దు అనేవాళ్లు ఇంకో వైపు. నేను రెండో వైపు మనిషిని, అది దాచను. కానీ అసలు గొడవ తెలుపుకీ రంగుకీ మధ్య కాదని నా అభిప్రాయం. నాణెం పై పొర చెక్కు చెదరకుండా ఉందా లేదా అన్నదే నేను చూసేది. రంగు ఉన్నంత మాత్రాన పై పొర బాగున్నట్టు కాదు, తెల్లగా ఉన్నంత మాత్రాన పాడైనట్టూ కాదు.

ముందు ఆ రంగు ఎక్కణ్ణుంచి వస్తుందో చెబుతాను, ఎందుకంటే ఇది తెలిస్తే సగం మోసాలు మన కంటికే దొరికిపోతాయి. గాలిలో హైడ్రోజన్ సల్ఫైడ్ లాంటి గంధకపు వాయువులు ఎంతో కొంత ఎప్పుడూ ఉంటాయి. అవి వెండిని తాకి సిల్వర్ సల్ఫైడ్ అనే పొర కడతాయి, తేమ ఉంటే ఇంకా తొందరగా కడతాయి. ఈ పొర మొదట్లో ఎంత పలచగా ఉంటుందంటే మన వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు. అందులో రంగు పదార్థమేమీ లేదు. వెలుగు కొంత ఆ పొర పైభాగం నుంచే వెనక్కి వస్తుంది, కొంత లోపలికి వెళ్లి కింద ఉన్న వెండిని తాకి తిరిగొస్తుంది, ఈ రెండూ కలిసినప్పుడు కొన్ని రంగులు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, మిగిలినవి మన కంటికి చేరతాయి. వానలో తడిసిన రోడ్డు మీద నూనె చుక్క పడితే ఇంద్రధనుస్సులా కనిపిస్తుంది చూడండి, ఇదీ అదే. అందుకే నాణేన్ని కొంచెం వంచితే రంగు కూడా కొంచెం మారుతుంది.

పొర మందం పెరిగేకొద్దీ రంగులు ఒక వరసలో వస్తాయి. మొదట లేత పసుపు, తర్వాత తేనె రంగు, ఆ తర్వాత ఎరుపు కలిసిన వంగపండు, ఆపైన ముదురు నీలం, లేత నీలం. అక్కడితో ఒక చుట్టు పూర్తయి మళ్లీ పసుపు, నారింజ, గులాబీ లాంటి రంగులు తిరిగొస్తాయి, అసలైన ఆకుపచ్చ ఈ రెండో చుట్టు చివర్లో గానీ కనిపించదు. ఇంకా మందమైతే రంగులన్నీ చచ్చిపోయి గోధుమ నలుపు, చివరికి ఉత్త నలుపు. ఈ వరస దాటి రంగు రావడానికి వీల్లేదు, ఎందుకంటే అది కేవలం మందం లెక్క. పక్కపక్కన ఉన్న రంగులు కూడా ఈ వరసలోనే ఒకదానిలోకి ఒకటి కరిగిపోవాలి. నేను పాడుచేసిన ఆ డాలర్ మీద అంచు నుంచి మధ్యకు నీలం, వంగపండు, తేనె, పసుపు అని చెప్పాను కదా, అంచు దగ్గర పొర మందంగా, మధ్యలో పలచగా ఉందన్నమాట. పాఠ్యపుస్తకంలో బొమ్మ వేసినట్టు ఉండే వరస అది.

ఇక మెరుపు సంగతి. నాణెం కొట్టేటప్పుడు రెండు అచ్చుల మధ్య నలిగిన లోహం మధ్య నుంచి అంచుల వైపు పారుతుంది. ఆ పారిన జాడలు బండి చక్రం ఊచల్లా, కంటికి విడిగా కనపడనంత సన్నగా నాణెం మీద మిగిలిపోతాయి. నాణేన్ని ఒక్క దీపం కింద వంచితే ఈ సన్నటి గీతల మీద వెలుగు పట్టీలా తిరుగుతుంది, కార్ట్‌వీల్ మెరుపు అంటారు దీన్ని. చలామణిలో చేతులు మారితే ముందు పోయేది ఇదే, ఒకసారి పోతే తిరిగి తెప్పించే మార్గం ఈ లోకంలో లేదు. డిప్ ద్రావణాల్లో సాధారణంగా ఉండేది థయోయూరియా అనే రసాయనం, ఏదో ఒక ఆమ్లం. అది సల్ఫైడ్ పొరని కరిగిస్తుంది. ఇక్కడ చాలామంది మరిచిపోయే విషయం ఒకటుంది, ఆ సల్ఫైడ్‌లో ఉన్న వెండి మొదట నాణెం వెండే. నాణెం పై పొరలోని అణువులే గంధకంతో కలిసి రంగు పొరగా మారాయి. రంగు కరిగించామంటే ఆ పై పొరని తీసి పారేశామన్నట్టే. పలచటి పసుపు అయితే పోయేది లెక్కలోకి రానంత, మెరుపు గీతలు బతికే ఉంటాయి. నల్లబడేదాకా పెరిగిన పొర అయితే దాని కింద గీతలు ఎప్పుడో తినేసి ఉంటాయి. నా డాలర్ బుగ్గ మీద మచ్చ కింద బూడిదరంగు గరుకు అందుకే వచ్చింది. ఆ మచ్చ మీద కోపంతో మిగతా నాణేన్ని కూడా అర నిమిషం ఆమ్లంలో ఉంచడం వల్ల బాగున్న చోట కూడా గీతలు అరిగిపోయాయి.

కాబట్టి డిప్ అనేదే పాపం అని నేను అనను. అనుభవం ఉన్నవాళ్లు సరైన నాణెం ఎంచుకుని రెండు మూడు సెకన్లు ముంచి వెంటనే నీళ్లతో బాగా కడిగేస్తే తేడా కనిపెట్టడం నిపుణులకే కష్టం. ఇప్పుడు తళతళలాడుతూ, నాణెం స్థితిని బట్టి గ్రేడు ఇచ్చే సంస్థల డబ్బాల్లో మంచి గ్రేడుతో కూర్చున్న పందొమ్మిదో శతాబ్దపు వెండి నాణేల్లో ఎన్నో ఎప్పుడో ఒకప్పుడు డిప్ చూసినవే, గ్రేడింగ్ సంస్థలు కూడా మెరుపు దెబ్బతినకపోతే వాటిని కాదనవు. కడగడం సరిగ్గా జరగకపోతే మాత్రం అక్షరాల సందుల్లో మిగిలిన ఆమ్లం కొన్నేళ్ల తర్వాత వికారమైన గోధుమ మరకలై తేలుతుంది. ఒక నాణేన్ని ఇద్దరు ముగ్గురు యజమానులు, ఒకరికి తెలియకుండా ఒకరు, తలా ఒకసారి ముంచడం ఇంకో ప్రమాదం. ప్రతివాళ్లూ “ఒక్కసారే కదా” అనుకుంటారు.

తెల్ల నాణేలు ఇష్టపడేవాళ్ల వాదన కూడా న్యాయంగా చెప్పాలి. శిల్పి చెక్కిన బొమ్మ, జుట్టు పాయలు, గద్ద రొమ్ము మీద ఈకలు, ఇవన్నీ తెల్ల నాణెం మీద ఉన్నంత స్పష్టంగా రంగు నాణెం మీద కనిపించవు. కొట్టిన రోజు నాణెం ఎలా ఉందో చూడాలనుకోవడం తప్పు కాదు కదా. పైగా నిజంగానే ముట్టుకోకుండా తెల్లగా మిగిలిన పాత నాణేలు ఉన్నాయి. అమెరికా ఖజానాలో డాలర్లను వెయ్యేసి చొప్పున గుడ్డ సంచుల్లో కట్టి దశాబ్దాల పాటు అలాగే ఉంచేశారు. సంచి మధ్యలో ఉన్న నాణేలకు గాలి తగల్లేదు, గుడ్డ తగల్లేదు, తోటి నాణేలే కాపాడాయి. 1960ల మొదట్లో ఆ సంచులు పెద్ద ఎత్తున బయటికొచ్చాయి. చివరికి మిగిలిన దాదాపు 30 లక్షల డాలర్లను, అందులో చాలావరకు కార్సన్ సిటీ టంకశాలలో కొట్టినవి, 1972 నుంచి 1980 మధ్య ప్రభుత్వమే గట్టి ప్లాస్టిక్ పెట్టెల్లో పెట్టి అమ్మింది. అలాంటి పెట్టెలో ఇప్పటికీ మంచులా ఉన్న డాలర్‌ని చూసి “ఇది డిప్ చేసిందే” అని కొట్టిపారేయడం కూడా తొందరపాటే.

గుడ్డని ఆనుకుని సంచి అంచున ఉన్న నాణేల కథ వేరు. వాటి ఒక వైపు ఇంద్రధనుస్సు పట్టింది, రెండో వైపు తెల్లగానే ఉండిపోయింది, కొన్నింటి మీదైతే గుడ్డ నేత కూడా అచ్చుపడింది, పడుగూ పేకా లెక్కపెట్టొచ్చు. ఇంకో నాణెం కొంత మేర కప్పేసి ఉంటే అక్కడ నెలవంక ఆకారంలో తెలుపు మిగిలి, దాని అంచున రంగులు మొదలవుతాయి. నాకు ఇలాంటివి చూస్తుంటే ఒళ్లు పులకరిస్తుంది. ఆ నాణెం నూరేళ్లు ఎక్కడ, ఎలా పడుకుందో దాని ఒంటి మీదే రాసి ఉంది. మోర్గాన్ డాలర్ రంగుల్లో ఇంత పేరు తెచ్చుకోవడానికి ఈ సంచులే కారణం.

నిల్వ చేసిన ప్రతి వస్తువూ ఇలా తన సంతకం పెడుతుంది. పందొమ్మిదో శతాబ్దపు ప్రూఫ్ నాణేలను, అంటే సేకర్తల కోసం ప్రత్యేకంగా కొట్టినవాటిని, టంకశాల పలచటి టిష్యూ కాగితంలో చుట్టి ఇచ్చేది, ఆ కాగితంలోని గంధకం వల్ల వాటికి మడతల వెంట నీలం, గులాబీ రంగులు వచ్చాయి. పాత అట్ట ఆల్బమ్‌లలో గుండ్రటి రంధ్రాల్లో ఉంచినవాటికి అట్ట తగిలే అంచు దగ్గర ముదురుగా మొదలై లోపలికి వలయాల్లా రంగు పాకుతుంది. 1947 నుంచి 1958 దాకా అమెరికా టంకశాల మింట్ సెట్లను, అంటే ఆ ఏడాది నాణేలను కలిపి ఇచ్చే సెట్లను, అట్టల్లో పెట్టి అమ్మింది, వాటిలోని నాణేలు కూడా ఆ అట్ట పుణ్యాన అద్భుతమైన రంగులు తేలాయి. రబ్బరు బ్యాండు చుట్టిన నాణెం మీద మాత్రం అడ్డంగా నల్లటి గీత పడుతుంది, రబ్బరును గట్టిపరచడానికి గంధకం వాడతారు మరి. అది అందం కాదు, గాయం.

ఇష్టాలు కాలంతో మారాయని కూడా గమనించాలి. ఒకప్పుడు నల్లబడిన నాణెం అంటే నిర్లక్ష్యానికి గుర్తు, తోమి మెరిపించి పెట్టుకోవడమే శ్రద్ధ. ఇరవయ్యో శతాబ్దం నడిమి దశాబ్దాల్లో కేటలాగుల్లో ‘బ్రిలియంట్’ అనే మాట ఉంటేనే నాణెం అమ్ముడుపోయేది, కొనేవాళ్లు అదే అడిగేవాళ్లు, అమ్మేవాళ్లు రంగు పట్టినవాటిని ముంచి తెల్లబరిచేవాళ్లు. ఆ రోజుల్లో కరిగిపోయిన రంగులు ఎన్నో లెక్కేలేదు. అంతకుముందు తరం ఇంకా ప్రమాదకరమైన పని చేసేది, సయనైడ్ ద్రావణంతో శుభ్రం చేసేది. జాన్ శాన్‌ఫర్డ్ సాల్టస్ అనే అమెరికన్ సేకర్త, నాణేల పరిశోధనకు ఎంతో దానం చేసినవాడు, అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ పతకాల కళకు ఇచ్చే పురస్కారం ఇప్పటికీ ఆయన పేరు మీదే ఉంది. 1922లో లండన్‌లో ఒక హోటల్ గదిలో నాణేలు శుభ్రం చేసుకుంటూ, పక్కనున్న జింజర్ ఏల్ అనే శీతల పానీయం గ్లాసు అనుకుని సయనైడ్ గ్లాసు అందుకుని తాగేశాడు. నాణెం తెల్లగా ఉండాలన్న కోరికకి ఒక మనిషి ప్రాణం పోయింది. ఈ సంగతి చదివిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

గాలి రెండో వైపు తిరగడానికి రెండు కారణాలు కనిపిస్తాయి నాకు. 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ అనే అమెరికా గ్రేడింగ్ సంస్థలు పనిచేయడం మొదలుపెట్టాక నాణేలను పరిశీలించి, 1 నుంచి 70 దాకా ఉండే షెల్డన్ కొలమానం మీద గ్రేడు ఇచ్చి, మూసేసిన ప్లాస్టిక్ డబ్బాలో పెట్టడం మామూలైంది. తోమిన, రుద్దిన నాణెం బయటపడిపోసాగింది, ముట్టుకోని నాణేనికి గౌరవం పెరిగింది. రెండోది ఇంటర్నెట్. రంగు నాణెం ఫొటో స్క్రీన్ మీద చూస్తే ఆగకుండా ఉండలేం. వేలాల్లో రంగు డాలర్లకు, అదే గ్రేడు తెల్ల డాలర్ల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ రావడం మొదలైంది. ఎక్కడ డబ్బు ఎక్కువ వస్తే అక్కడికి దొంగలు కూడా వస్తారు.

ఇక్కడ నాకు తగిలిన రెండో దెబ్బ చెప్పాలి. ఒక వెండి నాణెం, అంతా నెమలికంఠం రంగు, చూడగానే కొనేశాను. ఇంటికొచ్చాక నాలుగు రోజులు మురిసిపోయాను. ఐదో రోజు భూతద్దం పెట్టి తీరిగ్గా చూస్తే నీలం కింద ఒకే దిశలో వందల కొద్దీ సన్నటి గీతలు, గుడ్డతో గట్టిగా రుద్దినప్పుడు పడేవి. ఎవరో నాణేన్ని ముందు రుద్ది పాడుచేశారు, ఆ గీతలు కనపడకుండా పైన రంగు తెప్పించారు. అమ్మినాయన్ని అడిగితే తనకీ అలాగే వచ్చిందన్నాడు, అయ్యుండొచ్చు, ఆ సంగతి వదిలేశాను. కానీ ఆ నాణెం నాకు గురువైంది. ఇప్పటికీ పక్కన పెట్టుకుని వేరే నాణేలతో పోల్చి చూస్తుంటాను.

దాని మీద నేను నేర్చుకున్నది ఇది. మొదట రంగు చూడకూడదు, మెరుపు చూడాలి. ఒక్క బల్బు కింద నాణేన్ని మెల్లగా తిప్పితే వెలుగు పట్టీ రంగుల మీదుగా అడ్డం లేకుండా పాకిపోవాలి, నీలం దగ్గర కొంచెం మందగించినా ఆగిపోకూడదు. రంగు మెరుపుని మింగేస్తే ఏదో తేడా ఉంది, లేదా పొర మరీ ముదిరింది. తర్వాత వరస చూడాలి. తెల్లటి వెండి పక్కనే ఒక్కసారిగా నీలమో ఆకుపచ్చో మొదలైతే, మధ్యలో పసుపూ తేనే సన్నటి గీతగానైనా లేకపోతే, నాకు అనుమానం. ఆ రంగులు దాటకుండా నీలానికి రావడం సహజంగా జరగదు, ఎవరో వేడో మందో పెట్టి తొందర పెట్టి ఉండాలి. అక్షరాల చుట్టూ కూడా చూడండి, సంచిలో గుడ్డకి ఆనుకుని ఉన్న నాణెం మీద ఎత్తుగా ఉన్న అక్షరం గుడ్డని కాస్త పైకి ఎత్తిపట్టడంతో దాని మొదట్లో గుడ్డ తగలని సన్నటి ఖాళీ ఉంటుంది, అక్కడ రంగు పలచబడి అక్షరాన్ని చుట్టి తెల్లటి అంచు గీసినట్టు ఉంటుంది. కృత్రిమంగా పెట్టిన రంగుకి ఈ మర్యాద తెలియదు, ఎత్తూ పల్లం అనకుండా అన్నింటి మీదా ఒకేలా పరుచుకుంటుంది, నాణెం మీద తేలుతున్నట్టు ఉంటుంది. చలామణిలో అరిగిన నాణెం మీద, అరిగిన చోట్ల కూడా నిగనిగలాడే ఊదా నీలాలు ఉంటే ఇంకా ఎక్కువ జాగ్రత్తగా చూడాలి. అరిగిన వెండి సహజంగా ఎక్కువగా బూడిద, ముదురు గోధుమ వైపే పోతుంది, సందుల్లో నలుపు, ఎత్తుల్లో తేటగా. ఆ రూపం కూడా నాకు చాలా ఇష్టం, కానీ దాని ఫొటోలు ఎవరూ పెట్టరు.

ఫొటోల గురించి ఒక్క మాట. ఒక కోణంలో దీపం పెడితే బూడిదరంగు నాణెం కూడా నెమలిలా కనిపిస్తుంది. కొనేముందు వీడియో అడగండి, చేత్తో వంచి తిప్పుతూ తీసింది.

సహజం, కృత్రిమం అన్న ఈ గీత నిజానికి మనం అనుకున్నంత గట్టిది కాదు. ఇది ఒప్పుకోవడం మాలాంటివాళ్లకు కష్టం. రెండింటిలోనూ ఉన్నది అదే సిల్వర్ సల్ఫైడ్. పొయ్యి మీద వేడిచేసి గంధకం పొగ పట్టించినా, నలభై ఏళ్లు అట్టలో ఉంచినా, అణువు ఒక్కటే. మరి తెలిసి తెలిసి గంధకం ఉన్న కాగితంలో చుట్టి కిటికీ దగ్గర రెండేళ్లు ఉంచితే అది ఏమవుతుంది? గ్రేడింగ్ సంస్థలకు కూడా ఇది తెలుసు, అందుకే పీసీజీఎస్ “ఇది నకిలీ రంగు” అని తేల్చి చెప్పకుండా రంగు ప్రశ్నార్థకంగా ఉందని రాసి గ్రేడు ఆపేస్తుంది. వాళ్లు చూసేది ఉద్దేశం కాదు, బజారు ఒప్పుకునే రూపం. ఒకసారి తిప్పిపంపిన నాణేన్ని ఇంకోసారి పంపితే ఒప్పుకున్న సందర్భాలు సేకర్తలకు కొత్తేమీ కాదు. నా మటుకు నాకు నమ్మకం ఇలా ఉంది: వరసా, మెరుపూ, నిల్వ చేసిన విధానానికి సరిపోయే ఆకారం, ఈ మూడూ కుదిరితే నాకు చాలు. ఒక్కటి తప్పినా ఎంత అందంగా ఉన్నా ఎక్కువ డబ్బు పెట్టను. రంగు కోసం అదనంగా ఇచ్చే ప్రతి రూపాయీ ఆ మూడింటి మీద పెట్టే పందెమే.

అన్ని వెండి నాణేలూ ఒకేలా రంగు తిరగవు, అందులో ఎంత వెండి, ఎంత రాగి ఉందో దాన్ని బట్టి ఉంటుంది. మోర్గాన్ డాలర్‌లో 90 శాతం వెండి, 10 శాతం రాగి. బ్రిటన్ 1920లో తన నాణేలను 92.5 నుంచి 50 శాతానికి దించేసింది, బ్రిటిష్ ఇండియా రూపాయి కూడా 91.7 శాతం నుంచి 1940లో 50కి పడిపోయింది. ఈ సగం వెండి నాణేలు మట్టి పసుపుగా, నీరసంగా మారతాయి, వాటి మీద చక్కటి ఇంద్రధనుస్సు నేను చూసింది చాలా తక్కువ. నేలలో దొరికిన ప్రాచీన నాణేల లెక్క పూర్తిగా వేరు, ఉప్పు నేలలో ఉన్న వెండి మీద సిల్వర్ క్లోరైడ్ మందంగా గట్టిపడుతుంది, కొమ్ము వెండి అంటారు దాన్ని. అది తీయకపోతే కింద రాజు ముఖం కూడా కనపడదు, అందుకే గ్రీకు, రోమన్ వెండి నాణేల్లో దాదాపు అన్నీ ఎప్పుడో శుభ్రం చేసినవే, ఆ తర్వాత సేకర్తల చెక్క అరల్లో మళ్లీ రంగు తిరిగినవే. “ఎప్పుడూ శుభ్రం చేయకూడదు” అని గుడ్డిగా అనేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. 1784లో మునిగి 1993లో దొరికిన ఎల్ కసడోర్ అనే స్పెయిన్ ఓడలోని రియాల్ వెండి నాణేలను శుభ్రం చేయకుండా ఉంచమంటే అవి గడ్డల్లాగే ఉండిపోయేవి.

మరి మీ దగ్గరున్న నాణేన్ని ఏం చేయాలి? చాలాసార్లు ఏమీ చేయకూడదు. మెత్తటి పీవీసీ కవర్లలో ఉంచినందువల్ల జిగటగా పచ్చటి పొర పడితే మాత్రం ఆగకండి, అది వెండిని తింటుంది. స్వచ్ఛమైన అసిటోన్‌లో, గాలి బాగా వచ్చే చోట, మంటకు దూరంగా, గాజు గిన్నెలో కాసేపు ముంచి తీయండి, రుద్దకండి. అసిటోన్ వెండిని గానీ సల్ఫైడ్ రంగును గానీ ముట్టుకోదు, జిడ్డునీ ప్లాస్టిక్ మడ్డినీ కరిగిస్తుంది. టూత్‌పేస్టు, బేకింగ్ సోడా, పాలిష్ గుడ్డ, ఇవి నాణెం దగ్గరికి తీసుకురావద్దు, దయచేసి. అల్యూమినియం రేకు, సోడా నీళ్ల పద్ధతి చెంచాలకు బాగుంటుంది, నాణెం మీద మాత్రం మట్టసమైన నిర్జీవమైన తెలుపు వదులుతుంది. నాణేన్ని అంచులు పట్టుకుని తీయండి, వేలిముద్ర పడితే కొన్నాళ్లకు అది లోహంలోకి దిగిపోతుంది, తర్వాత డిప్ కూడా దాన్ని పూర్తిగా తీయలేదు. మైలార్ అనే పాలియెస్టర్ ప్లాస్టిక్ కవర్లు, పొడి గాలి, తేమ పీల్చే సిలికా జెల్, అంతే. గ్రేడింగ్ డబ్బాలో ఉంది కదా అని నిశ్చింతగా ఉండకండి, ఆ డబ్బాల్లోకి గాలి పోతుంది, లోపల కూడా నాణేలు రంగు మారతాయి.

రంగు ముదురుతూ నలుపు వైపు వెళ్తున్న మంచి నాణెం ఉంటే మాత్రం నాకూ టెన్షనే. అందంగా ఉన్న దశలో ఆగిపొమ్మని దానికి చెప్పలేం, గంధకాన్నీ తేమనూ దూరంగా ఉంచడమొక్కటే మన చేతిలో ఉంది. నిజంగా విలువైనదైతే పాత వస్తువులను కాపాడే నిపుణులైన కన్జర్వేటర్లకు ఇవ్వడం మేలు, ఇంట్లో సీసా తెరవడం కంటే.

ఆ 1881 డాలర్ నా దగ్గరే ఉంది. అమ్మబుద్ధి కాలేదు. డిప్ చేసిన తర్వాత మామూలు కాగితపు కవర్లో పెట్టి పెట్టెలో వేశాను, చాలా ఏళ్లు తీయలేదు. కిందటి నెల తీసి దీపం కింద పెట్టాను. బుగ్గ మీద బూడిదరంగు గాయం అలాగే ఉంది, చక్రంలా తిరిగే వెలుగు తిరిగి రాలేదు. కానీ అంచు చుట్టూ, సరిగ్గా పాత నీలం ఉన్న చోటే, లేత పసుపు వలయం మొదలైంది, ఎడమ వైపు నక్షత్రాల దగ్గర అది అప్పుడే తేనె రంగులోకి దిగుతోంది.